రక్తమును వడపోయు యంత్రము – ఇంటివారు చేయవలసిన పని
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో పిల్లల చదువు, నడవడి, మాతృభాషాభిమానము మొదలగు విషయములు ముచ్చటించుట పరిపాటి. ఈ యేడు మేము వేరొక విషయము నెత్తుకొనుచున్నాము. మందులు మితిమీరి కడుపులోనికి పోయి ప్రాణముమీదికి వచ్చినపుడు, రోగి రక్తమును దేహము వెలుపలికి తెచ్చి, వడపోసి, మరల లోనికి పంపు చికిత్స యొకటి కలదు. దానిని గూర్చి రెండు తలంపులు జనములో వినవచ్చుచుండును. పెద్ద ఆసుపత్రిలో రక్తము కడుగు యంత్రమున్నది గనుక ఎట్టి విషమైనను లాగివేయునన్నది ఒకటి. డయాలిసిస్ అన్న మాట వైద్యుని నోట వెలువడినదనగా ఇక ఆశ వదలుకొనవలసినదే యన్నది రెండవది. ఈ రెండును నిజము కావు. నిజమేదో ముందుగా తెలిసియున్నచో ఆపద వేళ ఇంటివారు చేయదగినదేదో, చేయరానిదేదో తెలియును. మేము వైద్యులము కాము; పిల్లలకు చదువు చెప్పువారము. వైద్యశాస్త్రము స్థిరపరచిన సంగతులను మన భాషలో మీ ముందుంచుటయే మా పని.

మన నడుమునకు ఇరుప్రక్కల చిక్కుడుగింజ యాకారమున రెండు మూత్రపిండములున్నవి. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడకట్టి, కావలసినదానిని తిరిగి రక్తమున చేర్చి, మిగిలిన ఒకటిన్నర లీటరు మాత్రము మూత్రముగా వెలువరించును. మనము మ్రింగు మందులలో అనేకము, కాలేయములో మార్పుచెందిగాని, ఉన్నవి ఉన్నట్లుగాని, తుదకు ఈ దారినే బయటికి పోవును. మందు మితిమీరినపుడు ఈ దారి చాలదు. పైగా అట్టి వేళ రక్తపుపోటు పడిపోయి, మూత్రపిండములే మందగించుట కలదు. అప్పుడు మానవుడు కల్పించిన వడపోత అవసరమగును.

ఆ వడపోతలోని సూత్రము మన వంటింటివారు ఎరిగినదే. ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు మిక్కిలి ఉప్పగా ఉన్నచో వానిని మంచినీటిలో వేసి ఉంచుదురు. ముక్కలోని ఉప్పు నీటిలోనికి దిగును. నీరు మార్చినకొలది మరికొంత దిగును. ముక్క మాత్రము ముక్కగానే నిలుచును. డయాలిసిస్ అనగా ఇదియే. ఒక సన్నని పొరకు ఒక వైపున రక్తము, రెండవ వైపున శుద్ధమైన ద్రవము ప్రవహించును. పొరలోని సూక్ష్మరంధ్రముల గుండ చిన్నవైన విషపదార్థములు రక్తమునుండి ద్రవములోనికి దిగిపోవును. రక్తకణములును, మాంసకృత్తులును పెద్దవగుటచే దాటలేక రక్తములోనే నిలిచిపోవును.

రోగి మెడలోనో గజ్జలోనో ఉన్న పెద్ద సిరలోనికి రెండు దారులుగల గొట్టము నమర్చుదురు. ఒక దారిన రక్తము బయటికి వచ్చును. రెండవ దారిన శుద్ధియై లోనికి పోవును. నడుమ ఉన్న వడపోత గొట్టములో వేలకొలది సన్నని పోగుల కట్ట యుండును. పట్టుగూళ్ళ సంతకు పేరుపొందిన శిడ్లఘట్ట మన పొరుగుననే యున్నది. పట్టుదారపు చిలపను చూచినవారికి ఈ కట్ట నూహించుకొనుట సులభము. అయితే ఈ పోగులు లోపల బోలుగా ఉండి, వాని గుండ రక్తము పారును. నిమిషమునకు 200 మొదలు 400 మిల్లీలీటర్ల రక్తము లోపల పారుచుండగా, 500 మిల్లీలీటర్ల ద్రవము పోగుల వెలుపల ఎదురు దిశగా పారును. ఈ లెక్కన నాలుగు గంటలలో 120 లీటర్ల ద్రవము వ్యయమగును. విషము సోకినవారికి నాలుగు గంటలు చాలక ఆరు, ఎనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నడపవలసివచ్చును.

ఈ యంత్రము చరిత్రలో గమనింపదగిన సంగతి యొకటి కలదు. నేడు డయాలిసిస్ అనగానే మూత్రపిండములు చెడిన దీర్ఘరోగులే మనకు స్ఫురింతురు. కాని, 1913లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్ జాకబ్ ఏబెల్, ఆయన సహచరులు కుక్కలపై మొదటిసారి ఈ ప్రయోగము చేసినపుడు, రక్తమునుండి వారు వెలికితీసి చూపినది ఆస్పిరిన్ జాతికి చెందిన సాలిసిలేటు అను మందునే. రక్తము గొట్టములలో గడ్డకట్టకుండుటకు వారు జలగలనుండి తీసిన పదార్థమును వాడిరి. అనగా ఈ చికిత్స పుట్టుకయే మందును వడకట్టుటతో ముడివడియున్నది.

మనుష్యులకు అక్కరకు వచ్చునట్లు దీనిని మలచినవాడు హాలండు దేశపు వైద్యుడు విల్లెం కోల్ఫ్. రెండవ ప్రపంచయుద్ధకాలమున, జర్మనుల ఆక్రమణలో ఉన్న కాంపెన్ పట్టణములో, 1943లో, మాంసపు వంటకములకు తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును తిరుగుడు పీపాకు చుట్టి ఆయన యంత్రము కూర్చెను. తొలి రోగులలో ఇంచుమించు అందరును మరణించినను ఆయన విడువలేదు. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలు స్పృహ కోల్పోయిన స్థితినుండి ఈ యంత్రముచేత తేరుకొన్నది. 1950 దశకమున అమెరికాలో జార్జి ష్రైనర్ మొదలగు వైద్యులు నిద్రమాత్రలు మితిమీరినవారికి దీనిని ప్రయోగించి ఫలితములను ప్రకటించిరి. 1964లో గ్రీసు దేశీయుడగు యాట్జిడిస్ రక్తమును బొగ్గుపొడి నింపిన గొట్టము గుండ పంపి, విషము బొగ్గునకు అంటుకొనునట్లు చేయు మార్గమును చూపెను. మన దక్షిణదేశమున వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల 1960 దశకపు తొలి యేండ్లలోనే డయాలిసిస్ నారంభించెను.

ఇక ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. ఈ యంత్రము ఏ మందును లాగగలదు? ఏ మందును లాగజాలదు? దీనికి మూడు పరీక్షలు కలవు.

మొదటిది మందు కణముయొక్క పరిమాణము. లిథియం భారము 7, మిథనాల్ 32, ఆస్పిరిన్ 180, మూర్ఛకు వాడు ఫినోబార్బిటోన్ 232. రక్తములోని అల్బుమిన్ అను మాంసకృత్తు భారమో, సుమారు 66,000. చిన్నవి పొరను దాటును, పెద్దవి దాటలేవు. రెండవది, మందు ఒంటరిగా తిరుగుచున్నదా, లేక అల్బుమినును అంటిపెట్టుకొని యున్నదా యనునది. సంతకు పోవు బండిలో కూర్చున్నవాడు ఇరుకు సందున దూరలేడు గదా. అల్బుమిను నంటిన మందు స్థితియు నట్టిదే. మూడవది అన్నిటికంటె ప్రధానము. మందు రక్తములోనే యున్నదా, లేక కండలలో, క్రొవ్వులో, గుండెలో ఇంకిపోయినదా? కుంటలోని నీరు తోడవచ్చును. నేల పీల్చుకొన్న నీరు తోడలేము. యంత్రము తోడునది రక్తమునే. రక్తమున లేనిదానిని అది ఎట్లు తోడును?

ఈ మూడు పరీక్షలలో నెగ్గినవి కొన్ని కలవు. లిథియం, ఆస్పిరిన్ జాతి మందులు, మూర్ఛకు వాడు ఫినోబార్బిటోన్, వాల్ప్రోయేటు, కార్బమజపైన్, ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్, చక్కెరవ్యాధికి వాడు మెట్ఫార్మిన్ అట్టివి. వీనియందు విషము తీవ్రమైనపుడు డయాలిసిస్ ప్రాణము నిలుపగలదు. మెట్ఫార్మిన్ విషయమున మందును తీయుటతోపాటు రక్తములో పేరుకొన్న ఆమ్లమును కూడ సరిచేయును. లిథియం విషయమున ఒక చిక్కు కలదు. యంత్రము ఆపిన పిమ్మట కణములలో దాగిన మందు మరల రక్తములోనికి వచ్చును. అందుచే రెండవమారు, మూడవమారు నడపవలసివచ్చును. "నిన్న కడిగిరి గదా, మరల ఎందుకు?" అని ఇంటివారు సంశయింప పనిలేదు. పలు దేశముల విషవైద్యులు, మూత్రపిండవైద్యులు ఎక్స్‌ట్రిప్ అను పేర కూడి, ఏ మందునకు ఎట్టి స్థితిలో ఈ చికిత్స చేయవలెనో 2012 మొదలుకొని ఒక్కొక్కటిగా నిర్ణయించి ప్రకటించిరి.

ఈ చికిత్సకు లొంగు మరియొక విషము మిథనాల్, కల్తీసారాయిలో ఉండునది. 2008 మే నెలలో కర్ణాటక తమిళనాడు సరిహద్దులలో, మన కోలారు, బెంగళూరు ప్రాంతములతో సహా, కల్తీసారాయి త్రాగి నూరుమందికి పైగా మరణించిన ఘోరము మీలో పెద్దలకు జ్ఞాపకముండును. మిథనాల్ మొదట మత్తువలెనే కనిపించి, కొన్ని గంటల తరువాత దేహములో ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటిచూపును, ప్రాణమును హరించును. ఆ మార్పునకు ముందే రోగి ఆసుపత్రి చేరెనా, విరుగుడు మందుతోను డయాలిసిస్‌తోను చూపును, ప్రాణమును దక్కించుకొను అవకాశము హెచ్చు.

యంత్రమునకు లొంగనివియు అనేకము. రక్తపుపోటునకు వాడు ఆమ్లోడిపైన్, మనోవ్యాకులతకు వాడు అమిట్రిప్టిలిన్, గుండెకు వాడు డైగాక్సిన్ ఇట్టివి. ఇవి కండలలోను ఇతర అవయవములలోను ఇంకిపోవును, లేదా మాంసకృత్తుల నంటియుండును. పొలములలో చల్లు ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందులకును ప్రధాన చికిత్స డయాలిసిస్ కాదు. అట్రోపిన్ అను విరుగుడును, శ్వాసను నిలుపు యంత్రమును. పారాసిటమాల్ సంగతి అందరును తెలిసికొనదగినది. జ్వరము మాత్రయే గదా యని దానిని చులకన చేయుదురు. అది మితిమీరినచో మొదటి దినమున రోగి కులాసాగానే ఉండును. రెండు మూడు దినములకు కాలేయము చెడును. దానికి ఎసిటైల్‌సిస్టీన్ అను చక్కని విరుగుడు కలదు. మ్రింగిన ఎనిమిది గంటలలోపల మొదలుపెట్టినచో మిక్కిలి బాగుగా పనిచేయును. "బాగానే ఉన్నాడు, తెల్లవారిన తరువాత చూతము" అనుకొన్న యింట ఆ ఎనిమిది గంటలును నిద్రలో గడచిపోవును.

విషమును తీయలేకున్నను డయాలిసిస్ వేరొక విధమున ఉపయోగపడు సందర్భములు కలవు. తలకు వేసికొను రంగు కడుపులోనికి పోయినపుడు కండలు కరగి మూత్రపిండములు మూతపడుటను హైదరాబాదు నిమ్స్ మూత్రపిండవైద్యులు తమ రోగులయందు గమనించి వైద్యపత్రికలో ప్రకటించిరి. అచ్చట యంత్రము చేయు పని రంగును లాగుట కాదు. మూత్రపిండములు తిరిగి కోలుకొనువరకు వాని పనిని తాను మోయుట. కావున డయాలిసిస్ అనగా ఆశ వదలుకొనుట యనుకొనరాదు. విషము సోకిన అనేకులకు అది కొన్ని గంటల, కొన్ని దినముల సాయమే గాని జన్మమంతయు వెంటాడు బంధము కాదు.

యంత్రమునకంటె ముందుగా ప్రాణము నిలుపునది శ్రద్ధగల పరిచర్య యని కూడ మేము చెప్పవలెను. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగనులో 1940 దశకము చివర క్లెమెసెన్, నిల్సన్ అను వైద్యులు నిద్రమాత్రలు మ్రింగినవారికి ఉత్తేజకమగు మందు లిచ్చుట మాని, శ్వాసను, రక్తపుపోటును కాపాడుచు కంటికి రెప్పవలె కనిపెట్టియుండు పద్ధతిని నెలకొల్పిరి. దానివలన మరణములు నూటికి ఒకటి రెండింటికి దిగినవి. కాబట్టి మొదట మనము కోరవలసినది యంత్రము కాదు. శ్వాసను కాపాడగల సమీపపు ఆసుపత్రి. దారిలోని ఆసుపత్రిని విడిచి, యంత్రమున్న చోటికే పోవలెనని అరువది కిలోమీటర్లు పరుగిడుట ప్రమాదము. ముందు చిక్కబళ్ళాపురము, అక్కడి వైద్యులు అవసరమన్నచో బెంగళూరు. 2016లో కేంద్రప్రభుత్వము చేపట్టిన జాతీయ డయాలిసిస్ పథకము జిల్లా ఆసుపత్రులకు ఈ యంత్రములను చేర్చినది. కాని స్పృహ లేని విషరోగికి డయాలిసిస్ చేయుటకు యంత్రముతోపాటు తీవ్రచికిత్సా విభాగము కూడ కావలెను. ఎచ్చట చేయించవలెనన్నది వైద్యులే నిర్ణయింతురు.

ఇప్పుడు ఇంటివారి పని. వైద్యుడు పైన చెప్పిన మూడు పరీక్షలను జరుపవలెనన్న మొదట ఆయనకు కావలసినది మందు పేరు. పేరు తెలియనిచో ఏ విరుగుడీయవలెనో, యంత్రము పెట్టవలెనో లేదో నిశ్చయించుట కష్టము. అందుచే ఖాళీ మాత్రల అట్టయైనను, సీసాయైనను, వైద్యుడు వ్రాసిన చీటియైనను రోగితోకూడ కొనిపోవలెను. ఎన్ని మ్రింగెనో, ఎప్పుడు మ్రింగెనో కాగితముపై వ్రాసికొనుడు. వాంతి చేయించుటకు ఉప్పునీరు, వేపరసము, పేడనీరు త్రాగించవలదు. మత్తులో నున్నవాని ఊపిరితిత్తులలోనికి అది పోయినచో విషముకంటె ముందే ప్రాణము తీయగలదు. స్పృహ తప్పినవానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి 108 వాహనమును పిలువుడు. హైదరాబాదులో 2005లో పుట్టి, 2008 నుండి కర్ణాటకమునను నడచుచున్న సేవ యది. ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలోని జాతీయ విషసమాచార కేంద్రము 1800 116 117 అను సంఖ్యపై రేయింబవళ్ళు సలహా యిచ్చును. దానికి రుసుము లేదు.

మన యిండ్లలో తెలుగు, ఆసుపత్రిలో కన్నడము, మాత్రల అట్టపై ఆంగ్లము. ఆపద వేళ ఈ మూడు భాషల నడుమ తల్లి చిక్కుకొనును. "తెల్లమాత్రలు, గుండ్రనివి" అని తెలుగున చెప్పినను, కన్నడమున చెప్పినను వైద్యునకు లాభము లేదు; తెల్లని గుండ్రని మాత్రలు వేనవేలు. అట్టపై నున్న పేరును చదివి చెప్పగల బిడ్డ యింట నున్నచో అదియే మొదటి చికిత్స. అల్పసంఖ్యాక భాషాపాఠశాల మాతృభాషతో ఆగక, రాష్ట్రభాషను, ఆంగ్లమును నేర్పుటలోని ప్రయోజనము ఉద్యోగము మాత్రమే కాదని ఇట్టిచోట తెలియును. ఈ యేడు సెలవులలో ప్రతి విద్యార్థియు తన యింటనున్న మందుల పేర్లను పెద్దల యెదుట అట్టలు చూచి, మూడు లిపులలోను ఒక కాగితముపై వ్రాసి తలుపు వెనుక అంటించవలెనని మేము కోరుచున్నాము. ఎవరికి, దేనికి ఇచ్చిన మందో కూడ దానిలో నుండవలెను.

పేరు చెప్పుటకు భాష యొక్కటే చాలదు, ధైర్యమును కావలెను. బిడ్డ కావలెనని మాత్రలు మ్రింగినచో, కేసులకు వెరచి, ఇరుగుపొరుగు మాటలకు సిగ్గుపడి, "జ్వరమండీ, కడుపునొప్పియండీ" అని వైద్యుని మరపించు తల్లిదండ్రులు కలరు. ఆ మరపు ఖరీదు ప్రాణము. తీవ్రమైన మనోవేదనచేతనే మనిషి అట్టి పనికి పాల్పడెనని భావించి, శిక్షింపక ఆదరింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము నిర్దేశించినది. 2024 జూలైలో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో పూర్వపు ఆత్మహత్యాయత్న నేరపు సెక్షను లేదు. ఆసుపత్రివారు పోలీసులకు తెలుపుట ఒక విధి. దానికి భయపడి దాచవలసిన పని లేదు. కాగితముల తంతు ముగియువరకు చికిత్స నాపరాదని సర్వోన్నత న్యాయస్థానము 1989లోనే తీర్పు చెప్పినది. కాబట్టి వైద్యుని యెదుట నిజము చెప్పుడు.

అంతదాక రానీయకుండుటయే మేలు. మన జిల్లాలోని గౌరీబిదనూరులో నిమ్హాన్స్ వైద్యులు మూర్ఛరోగులకొరకు శిబిరములు నడపి, దూరమునకు పోలేని పల్లెవారికి మందులందించిరి. అట్టి మందులు వేలమందికి బ్రతుకునిచ్చినవి. ఆ మందే పిల్లవాని చేతికి చిక్కినచో విషమగును. తాతగారి చక్కెరమాత్రలు, అవ్వ రక్తపుపోటు మాత్రలు, పిన్నికి ఇచ్చిన మూర్ఛమాత్రలు గూటిలో బహిరంగముగా ఉండరాదు. తాళమున్న పెట్టెలో ఉండవలెను. వ్యాధి నయమైన పిమ్మట మిగిలిన మాత్రలను దాచి యుంచరాదు. పసివానికి మందు త్రాగించుటకు దానిని మిఠాయి యని పిలువరాదు. పరీక్షా ఫలితముల దినములలో పెద్దపిల్లలను ఒంటరిగా వదలక, మార్కులను గూర్చి మాటలాడుటకు ముందు వారిని భోజనమునకు కూర్చుండబెట్టుడు. మాట పెగలని దుఃఖములో ఎవరైన ఉన్నచో 14416 అను సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. 2022లో ఆరంభమైన టెలీమానస్ అను ప్రభుత్వసేవ యది. దేశమంతటికిని దానికి మార్గదర్శనము చేయునది మన బెంగళూరు నిమ్హాన్స్ సంస్థయే.

జలగల మందుతో కుక్కలపై మొదలైన ప్రయోగము నూరేండ్లకు పైబడి నేడు తాలూకా పట్టణములకు నడచివచ్చినది. అది గొప్ప సంగతియే. అయినను యంత్రమునకు ప్రాణమును నిలుపు శక్తి యిచ్చునవి రెండు: కాలము, నిజము. ఆ రెండింటిని ఆసుపత్రి అమర్చలేదు, ఇంటివారే తీసికొనిపోవలెను. తాళమున్న మందుల పెట్టె, తలుపు వెనుక మందుల పట్టిక, వైద్యుని యెదుట దాపరికము లేని మాట – ఈ మూడింటిని ప్రతి యింటను నెలకొల్పుదురని నమ్ముచున్నాము.